ఒంటిబెంచీ

పిల్లకు పేరు పెట్టడానికి ఇంట్లో పెద్దవాళ్ళు నెలల తరబడి తర్జనభర్జన పడతారు. కాలేజీ క్యాంటీన్‌కి మాత్రం ఒక్క పూట చాలు. గణితం తరగతిలో చివరికి మిగిలింది ఆ అమ్మాయి ఒక్కతే అని తెలిసిన రోజునే అందరూ ఆమెను ఒంటిబెంచీ అనడం మొదలుపెట్టారు. ఆమె కూడా పలికేది. పలక్కపోతే అక్కడ ఆమెను పిలిచేవాళ్ళే ఉండరు మరి.

ఆ కాలేజీలో చదువు రెండేళ్ళే. మిగతా రెండేళ్ళు ఏదో ఒక యూనివర్సిటీకి మారి పూర్తి చేసుకోవాలి. ఒంటిబెంచీకి రెండు చోట్ల సీటు వచ్చింది. ఊరవతల గోడౌన్ల పక్కనున్న చిన్న యూనివర్సిటీ వాళ్ళు సర్టిఫికెట్లు తీసుకుని, నేరుగా మూడో ఏడాదిలో చేరమన్నారు. ఊరి మధ్యనున్న పెద్ద యూనివర్సిటీ వాళ్ళు మాత్రం, సీటు ఇచ్చాం గానీ ఏ ఏడాదిలో కూర్చోబెట్టాలో పరీక్షించి చెబుతామన్నారు. సోమవారం పొద్దున రమ్మన్నారు.

ఆమె వెళ్ళింది. గది చల్లగా ఉంది. పొడుగాటి బల్ల వెనక ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన గణితం శాఖకు పెద్ద. పక్కన ఒక మేడం, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారినా పైకి తోసుకోకుండా కాగితాలు తిరగేస్తోంది.

"మీ తరగతిలో ఎంతమంది ఉండేవాళ్ళమ్మా?" అని పెద్దాయన అడిగాడు.

"నేనేనండీ."

"నువ్వు కాక?"

"నేనొక్కదాన్నేనండీ."

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, ముచ్చటపడి నవ్విన నవ్వే. "అయితే దాన్ని తరగతి అనరు, ట్యూషన్ అంటారు" అన్నాడు. మేడం తలెత్తలేదు.

తర్వాత ఆయన ఒక చిన్న ప్రశ్న ఇచ్చాడు. ఒక గీత నేల కింద మొదలైంది. చెయ్యి ఎత్తకుండా గీసుకుంటూ పోతే నేల పైన తేలింది. అలాంటప్పుడు మధ్యలో ఎక్కడో ఒకచోట అది నేలను తాకే ఉండాలి. ఇది చూసిన ఎవరికైనా తెలిసే సంగతే. అందరికీ తెలిసిన సంగతిని రుజువు చెయ్యమనడం గణితం వాళ్ళకున్న పెడబుద్ధి.

ఒంటిబెంచీ బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క అందుకుంది. ఈ రుజువు ఆమెకు తన చేతి వేళ్ళంత బాగా తెలుసు. మొదటి లైను రాసింది: గీత నేల కింద ఉన్న చోట్లన్నిటినీ ఒక గుంపుగా తీసుకుందాం. రాసి, భుజం కొంచెం వెనక్కి తిప్పి, సుద్దముక్క గాల్లోనే పట్టుకుని ఆగింది.

గదిలో ఏ చప్పుడూ లేదు.

"ఊ, కానివ్వు" అన్నాడు పెద్దాయన.

ఆమె రెండో లైను రాసింది: ఆ గుంపుకు ఒక చివరి హద్దు ఉంటుంది. మళ్ళీ ఆగింది. ఈసారి ఇంకొంచెం ఎక్కువసేపు ఆగింది. ఇక్కడ తప్పకుండా అడగాలి. ఎందుకు ఉంటుంది, ఉండి తీరాలని ఎక్కడ రాసి ఉంది? జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎవరూ అడగలేదు. కిటికీలోని మిషన్ చల్లగాలి ఊదుతోంది. ఎవరూ అడగకపోయేసరికి, రాసింది తప్పేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. రెండో లైను వైపు చూసింది. తప్పు కాదు. మొదటి లైను వైపు చూసింది. అదీ తప్పు కాదు. అయినా చెయ్యి ముందుకు సాగలేదు. కండక్టరు ఈల వేస్తే గానీ కదలని బస్సులా నిలబడిపోయింది.

"ఫరవాలేదమ్మా, భయపడకు" అన్నాడాయన, ఎంతో దయగా.

భయం కాదని చెప్పాలనుకుంది. బోర్డు వైపే తిరిగింది. మూడో లైను సగం రాసింది: ఆ హద్దు దగ్గర గీత సరిగ్గా... అక్కడ చెయ్యి మళ్ళీ ఆగిపోయింది. ఆయన కలం మూత తీసి ఏదో రాసుకున్నాడు. మేడం అప్పుడు తలెత్తి, బోర్డును కాదు, గాల్లో నిలిచిన ఆ సుద్దముక్కను చూసింది.

"పునాది కొంచెం కదులుతోంది. రెండో ఏడాది మళ్ళీ చదువు. నష్టమేం లేదు, మంచిదే" అన్నాడు పెద్దాయన. "శుక్రవారం సాయంత్రంలోగా అసలు సర్టిఫికెట్లు తెచ్చి ఇచ్చెయ్."

ఒంటిబెంచీ సుద్దముక్కను జాగ్రత్తగా బోర్డు అంచున పెట్టి, "సరేనండీ" అని బయటికి వచ్చింది. వరండాలో పిల్లలు గుంపులు గుంపులుగా నవ్వుకుంటూ పోతున్నారు. తల కొట్టేసినట్టయింది. తనకు రాదని వాళ్ళు అనుకున్నారు. తనకు వచ్చు. ఈ రెండు ముక్కలూ ఎవరితోనైనా చెప్పుకుందామంటే అంత పెద్ద వరండాలో ఒక్క తెలిసిన ముఖం లేదు.

*

అక్క లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. పైన వాళ్ళిద్దరి గది, కింద లాండ్రీ. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు, వంటవాళ్ళ తెల్ల కోట్లు, వడ్డించేవాళ్ళ చొక్కాలు గుట్టలుగా పడి ఉంటాయి. అక్క ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత కఫ్‌లు, ఆఖరున వీపు రుద్దుతుంది. నీళ్ళు చిలకరించి, సుయ్‌మనే చప్పుడు విని, వేడి సరిపోయిందో లేదో చెప్పేస్తుంది. ఎంత ముఖ్యమైన మాటైనా చెయ్యి ఆపకుండానే మాట్లాడుతుంది. ఇంట్లో ఆ ఇద్దరే గనక, ఒంటిబెంచీ బతుకులో ముఖ్యమైన మాటలన్నీ ఆవిరిలోంచే వచ్చాయి.

"ఏమన్నారే?" అంది అక్క.

"తీసుకుంటామన్నారు."

"హమ్మయ్య!" అక్క ముఖం వెలిగిపోయింది. "పొద్దున్నుంచి ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నా. సూపర్‌వైజరు గారికి అప్పుడే చెప్పేశా కూడా. మా చెల్లి పెద్ద యూనివర్సిటీ అని. ఆయన నమ్మలేదు తెలుసా? నువ్వు చేరాక ఆ గుర్తింపు కార్డు ఒకసారి ఇటు పట్రా, ముక్కు మీద పెట్టి చూపిస్తా."

"రెండో ఏడాది మళ్ళీ చదవమన్నారక్కా."

అక్క చొక్కా తిప్పేసి రెండో భుజం రుద్దింది. "చదివితే పోలా? ఒక్క ఏడాదే కదా. ఆ పేరు ఊరికే వస్తుందా?"

"చిన్నదాంట్లో అయితే నేరుగా మూడో ఏడాదే."

"గోడౌన్ల పక్కనున్నదా? లారీలకు తప్ప ఆ దారి ఎవరికి తెలుసే?" అని అక్క నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడూ అనే మాటే అంది. "అయినా నీ చదువు నీకే తెలియాలి తల్లీ. నాకేం అర్థమవుతుంది?"

అక్క ఆ మాట ప్రేమగానే అంటుంది. చెల్లెలి చదువు మీద తనకు ఎంత గౌరవమంటే, దాని దగ్గరికి పోయి ఏమిటని అడగడానికి కూడా జంకుతుంది. బోర్డు దగ్గర ఏం జరిగిందో చెప్పాలని ఒంటిబెంచీకి గొంతుదాకా వచ్చింది. ఒక మాట చెప్పడానికి నోరు తెరిచి, ఆగింది. ఆమె ఆగేసరికి అక్క ఇంకో చొక్కా అందుకుంది.

"నీకు అస్సలు చెయ్యి ఆపాలనిపించదా అక్కా?"

"ఆపితే బట్ట మాడిపోదూ?" అంది అక్క.

*

బుధవారం ఆమె కాలేజీకి వెళ్ళింది. వెళ్ళేటప్పటికే ఒళ్ళు మండిపోతోంది. రెండు రోజులు లోపల లోపలే ఉడికిన కోపం అది.

గణితం గదిలో ఒక మూల పరీక్షల కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వచ్చే ఏడాది నుంచి గణితం ఉండదు. ఆ గది సామాన్ల కొట్టు అవుతుంది. మాస్టారు తడిగుడ్డతో బోర్డు తుడుస్తున్నారు. సామాన్ల కొట్టుకు శుభ్రమైన బోర్డు దేనికో ఆయనకే తెలియాలి.

"రామ్మా. ఎలా జరిగింది?"

"ఆగిపోయాను" అంది.

"ఎందుకు?"

ఆ ఒక్క మాట వినగానే ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. "మీరు అడుగుతారని ఆగాను" అంది.

మాస్టారు గుడ్డ పిండుతూ నిలబడిపోయారు.

ఆ తరగతి అలాగే నడిచింది మరి. క్యాంటీన్ వాళ్ళు పెట్టిన పేరు తప్పు. ఆ బెంచీ మీద కూర్చున్నది ఆమె కాదు, మాస్టారు. మొదటివారంలోనే ఆయన సుద్దముక్క ఆమె చేతికిచ్చి, తాను పోయి బెంచీ మీద కూర్చున్నారు. ఆమె ఒక లైను రాస్తుంది. వెనక నుంచి "ఎందుకు?" అని వినిపిస్తుంది. నోటితో జవాబు చెబుతుంది. చెబితేనే తర్వాతి లైను. చెప్పలేకపోతే ఆ పూటంతా ఆ లైను దగ్గరే. రెండేళ్ళు అలా గడిచేసరికి, అడగని లైను రాసినట్టే కాదని ఆమె చేతికి అలవాటైపోయింది.

"అక్కడ నేను లేనుగా అమ్మా" అన్నారు మాస్టారు మెల్లగా.

"ఆ సంగతి నా చేతికి తెలియలేదు మాస్టారూ. వాళ్ళేమో నాకు రాదనుకున్నారు. ఎవరూ ఎక్కడా ఇలా పాఠం చెప్పరు. మీరు మాత్రం నాకు ఆగడం నేర్పారు. ఎందుకు నేర్పారు?"

ఇన్నేళ్ళలో మాస్టారిని ఆమె ఎందుకు అని అడగడం అదే మొదటిసారి. ఆయన గుడ్డను బకెట్ అంచున ఆరేసి, వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. జేబులోంచి రుమాలు తీసి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నారు.

"ఈ పాఠాలు నాకెవరూ చెప్పలేదమ్మా. నేను చదువుకున్నది వేరు. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరని నన్ను చెప్పమన్నారు. ముందురోజు చదువుకుని వచ్చేవాణ్ణి. కొన్నిచోట్ల పుస్తకంలో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దూకేస్తాడు చూడు, అక్కడ నాకు దారి దొరికేది కాదు. నిన్ను అడిగేవాణ్ణి. నువ్వు చెప్పేదానివి." ఆయన తల దించుకున్నారు. "సగంసార్లు తెలిసే అడిగాను. మిగతా సగం తెలియకే అడిగాను."

ఒంటిబెంచీ ఆయన వేళ్ళకేసి చూసింది. ఇన్నాళ్ళూ తన వెనక తెలిసిన మనిషి ఒకరు కూర్చుని ఉన్నారన్న ధైర్యంతో రాసింది. తప్పు రాస్తే ఆయన పట్టుకుంటారని రాసింది. ఇప్పుడు చూస్తే వెనక ఎవరూ లేరు. ముందూ ఎవరూ లేరు. చీకట్లో ఇద్దరూ చేతులు చాపుకుని తడుముకున్నారు, అంతే.

"పెద్దదాంట్లోనే చేరు తల్లీ" అన్నారు మాస్టారు. "ఏడాది పోతే పోయింది. తెలిసినవాళ్ళ దగ్గర చదువుకో. నా దగ్గర చదివింది చాలు."

ఆమె "సరే మాస్టారూ" అని లేచింది. ఇంకో మాట చెప్పి ఉండాల్సింది. గుమ్మం దాకా పోయాక అది ఏ మాటో తెలియక, బోర్డు మీద ఆరిపోతున్న తడివైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

*

అక్క పెద్దదే అంది. మాస్టారూ పెద్దదే అన్నారు. శుక్రవారం పొద్దున ఆమె గోడౌన్ల దారిన చిన్న యూనివర్సిటీకి పోయింది, అక్కడిచ్చిన అసలు సర్టిఫికెట్లు వెనక్కి తీసుకోవడానికి. తీసుకుని మధ్యాహ్నం బస్సెక్కితే సాయంత్రంలోగా పెద్దదాంట్లో ఇచ్చెయ్యవచ్చు.

అడ్మిషన్ల గుమాస్తా కిటికీ వెనక ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. వెనక్కి ఇమ్మంటే మొహం ముడుచుకున్నాడు.

"ఏమ్మా, మూడో ఏడాది ఇచ్చాం కదా? నీ సబ్జెక్టులు అన్నీ ఒప్పుకున్నాం కదా?"

"చూసే ఒప్పుకున్నారా అండీ?" అంది. అడగాలనుకుని అడిగింది కాదు, నోటికి వచ్చేసింది.

"చూడ్డానికేముంది? సీట్లు ఖాళీగా ఉన్నాయి" అన్నాడు గుమాస్తా, ఏ దాపరికమూ లేకుండా. "అవి పై అధికారి బీరువాలో ఉన్నాయి. ఆయన భోజనానికి పోయాడు. వచ్చేదాకా ఎక్కడో ఒకచోట కూర్చో. అదిగో, అక్కడ మీ గణితం క్లాసే జరుగుతోంది."

ఒకళ్ళు వినకుండా కాదన్నారు. ఇంకొకళ్ళు వినకుండా అవునన్నారు. ఈ రెండోదే ఆమెకు ఎక్కువ బాధేసింది. కాదన్నవాళ్ళు కనీసం బోర్డు దాకా పిలిచారు. ఇక్కడ ఆమె రెండేళ్ళ కష్టం ఖాళీ సీటు మీద వేసిన జేబురుమాలు, అంతే. ఉసూరుమంటూ పోయి ఆ తరగతి వెనక బెంచీలో కూర్చుంది.

పదిమంది దాకా పిల్లలు ఉన్నారు. పాఠం చెప్పే ఆయనది పరుగు. మూడు కాలేజీల్లో చెబుతాడట, ఒకచోట పాఠం ఇంకొకచోటి బస్సును తరుముకుంటూ నడుస్తుంది. అందుకే ఆయనను పిల్లలు పరుగుల సారు అంటారని పక్కమ్మాయి గుసగుసగా చెప్పింది. చొక్కా చేతికి మోచేతి దాకా సుద్దపొడి. రాస్తున్న లైను పూర్తికాకముందే పై లైను తుడిచేస్తున్నాడు. పిల్లలు తలలు వంచుకుని నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు. కలాల చప్పుడు తప్ప ఏమీ లేదు. కిటికీలోంచి బస్సు ఆగే చోటు కనిపిస్తోంది. ఇంకో బస్సు వచ్చేదాకా ఇక్కడ కూర్చుంటే చాలు అనుకుంది.

"రెండు వైపులా దీనితో భాగిస్తే..." అంటూ పరుగుల సారు ఒక అక్షరాన్ని అటూ ఇటూ కొట్టేశాడు.

"ఎందుకు?"

ఎవరో అడిగారని ఒంటిబెంచీ కూడా తలెత్తి చూసింది. అందరూ తనవైపే తిరిగి ఉన్నారు. అడిగింది తనే. ఆ గొంతు తనది కూడా కాదు. బెంచీ మీద కూర్చుంటే వచ్చే మాస్టారి గొంతు.

సారు సుద్దముక్కతో సహా వెనక్కి తిరిగాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఈ క్లాసు కాదండీ. కాగితాల కోసం వచ్చానండీ." ముఖం వేడెక్కిపోయింది. అయినా అడిగాక వదలడం ఆమెకు చేతకాదు. "మీరు భాగించినది సున్నా కాదని ఎలా తెలుసండీ?"

"ఎలా తెలుసేమిటి? అందరూ అలాగే..." అని బోర్డు వైపు తిరిగాడు. తిరిగినవాడు అలాగే ఉండిపోయాడు. పిల్లల కలాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన కొట్టేసిన అక్షరాన్ని వేలితో తాకాడు. "సున్నా అయినా ఈ సమీకరణం నిలుస్తుంది" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. "అదీ ఒక జవాబే. భాగించేసరికి జారిపోయింది. నేను ఏళ్ళ తరబడి దీన్ని ఇలాగే జారవిడుస్తున్నానన్నమాట."

అరచేత్తో ఆ లైను తుడిచేశాడు. మళ్ళీ మొదటి నుంచి రాశాడు, ఈసారి నెమ్మదిగా. ఒక లైను రాసి, భుజం కొంచెం వెనక్కి తిప్పి, సుద్దముక్క గాల్లో పట్టుకుని, వెనక బెంచీ వైపు చూశాడు.

ఆ చూపు ఏమిటో ఈ లోకంలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తెలిసినవాడి చూపు కాదది. అడిగేవాళ్ళు ఉన్నారా అని వెతికే చూపు. బుధవారం మాస్టారికి చెప్పకుండా వచ్చిన మాట అప్పుడు దొరికింది. ఆ గదిలో నేను ఒక్కదాన్నే లేను మాస్టారూ, ఇద్దరం చదువుకున్నాం అని చెప్పి ఉండాల్సింది. గుండె నిండిపోయి, అడగడానికి నోరు తెరిచింది.

"సార్, మరి ఇదెందుకు?" అని ముందు బెంచీలోంచి సన్నని గొంతు ఒకటి వినిపించింది. అందరూ నవ్వారు. అడిగినమ్మాయి కూడా నవ్వింది. సారు జవాబు చెప్పడం మొదలుపెట్టాడు.

బయట బస్సు వచ్చి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. క్లాసు అయ్యాక ఒంటిబెంచీ కిటికీ దగ్గరికి పోతే, గుమాస్తా ఆమె కవరు బయటికి తీసి పెట్టి ఉంచాడు.

"ఉండనివ్వండి" అంది.

*

అక్క వంటవాడి తెల్లకోటు కాలరు రుద్దుతోంది. చెల్లెలు రాగానే, "ఇచ్చేశావా? కార్డు ఎప్పుడిస్తారట?" అంది.

"చిన్నదాంట్లో చేరానక్కా."

ఇస్త్రీ పెట్టె కాలరు చివరి దాకా పోయింది. వెనక్కి రాలేదు.

"సూపర్‌వైజరుకు చెప్పేశానే నేను."

"తెలుసక్కా."

"మీ మాస్టారు కూడా పెద్దదే అన్నారన్నావు."

"అన్నారు. ఆయన దగ్గరికి రేపు పోవాలి. ఒక మాట బాకీ ఉంది."

అక్క ముఖంలో కోపమూ బెంగా కలిసిపోయాయి. ఎప్పుడూ అనే మాట ఇప్పుడూ అంటుందని ఒంటిబెంచీ తల వంచుకుని ఎదురుచూసింది. నీ చదువు నీకే తెలియాలి. అక్క ఆ మాట అనలేదు.

"ఎందుకే?" అంది.

కోటు అంచు గోధుమరంగు తిరిగి కమురువాసన వచ్చింది. అక్క ఉలిక్కిపడి ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన నిలబెట్టింది. కోటు వైపు చూడలేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి చెల్లెలి ముఖంలోకి చూస్తూ నిలబడింది.

బల్ల మూలన మరకలు గుర్తుపెట్టే సుద్దముక్క ఉంది. ఒంటిబెంచీ దాన్ని తీసుకుని, బల్ల మీద పరిచిన నల్ల కంబళి మీద అడ్డంగా ఒక గీత గీసింది. "ఇది నేల అనుకో" అంది. దాని కింద మొదలుపెట్టి, చెయ్యి ఎత్తకుండా వంకరగా ఇంకో గీత పైదాకా లాగింది. అలవాటు కొద్దీ అక్కడ ఆగింది.

అక్క వంగి చూసింది. వేలు చాపి, రెండు గీతలూ కలిసిన చోట పెట్టింది.

"ఇక్కడెందుకు తగిలింది?" అని అడిగింది.

ఒంటిబెంచీ చెప్పడం మొదలుపెట్టింది.